ఒక్క సంతకం చాలుతుందా?

ఫారాలు నింపడం నాకు చేతకాదు. బాంకు ఫారంలో తేదీ వేయాల్సిన గడిలో ఊరిపేరు రాసి, ఊరిపేరు ఉండాల్సిన చోట సంతకం పెట్టి, కౌంటర్లో అమ్మాయి చేత "ఇంకో ఫారం తీసుకోండి మేడమ్" అనిపించుకోవడం నాకు మామూలే. "మూడువందల పేజీల నవల రాస్తావు, అరపేజీ ఫారం నింపలేవా?" అంటారు మావారు. నవలలో ఏ మాట ఎక్కడ రాయాలో ఎవరూ గడులు గీసి ఇవ్వరు కదా!

అలాంటిదాన్ని, పోయిన ఏడాది హైదరాబాదులో ఒక లాబొరేటరీలో కూచుని ఒకే ఒక్క ఫారం మీద గంటన్నర గడిపాను. అయితే ఈసారి తప్పు నాది కాదు. ఆ ఫారం అడిగిన ప్రశ్నలకి జవాబులు మా వంశంలో ఎవరి దగ్గరా లేవు.

మీ అమ్మగారు ఏ జబ్బుతో పోయారు? అప్పటికి ఆవిడ వయసెంత? అమ్మగారి అక్కచెల్లెళ్ళు ఎందరు, వాళ్ళలో ఎవరికైనా ఆ జబ్బు ఉందా? అమ్మమ్మగారి సంగతేమిటి? ఆవిడ తోబుట్టువుల సంగతేమిటి?

ఎదురుగా కౌన్సిలరట, ఒక చిన్నపిల్ల కూచుంది. నేను చెబుతుంటే తెల్లకాగితం మీద మా వంశవృక్షం గీస్తోంది. ఆడవాళ్ళయితే సున్నా, మగవాళ్ళయితే చతురస్రం. పోయినవాళ్ళ మీద ఒక ఏటవాలు గీత. జబ్బు చేసినవాళ్ళకి లోపలంతా సిరా నింపడం. భార్యాభర్తల మధ్య ఒక అడ్డగీత, వాళ్ళు దగ్గర బంధువులైతే రెండు గీతలు. మా అమ్మమ్మది మేనరికం అన్నాను, రెండు గీతలు గీసింది. తాతమ్మని సొంత మేనమామకే ఇచ్చారన్నాను, మళ్ళీ రెండు గీతలు. "మనవాళ్ళ చెట్లు గీస్తే పెన్నులు తొందరగా అయిపోతాయండీ" అని నవ్వింది. నా మొహం చూసి కాబోలు, "ఈ జబ్బుకి మేనరికంతో పనిలేదులెండి, కంగారు పడకండి" అని కూడా అంది.

"అమ్మమ్మగారు ఎలా పోయారు?"

"కడుపులో గడ్డట."

"ఎక్కడ? గర్భసంచిలోనా, అండాశయంలోనా?"

నాకేం తెలుసు? 'కడుపులో గడ్డ' అన్న రెండు మాటలతో మా ఇంట్లో ఆవిడ చరిత్ర సమాప్తం. పెద్దమ్మది అంతకన్నా అన్యాయం, 'ఏదో ఆడజబ్బు'. అక్కడినుంచే రాజమండ్రిలో ఉన్న పిన్నికి ఫోను చేశాను. "పెద్దమ్మకి జబ్బు ఎక్కడ వచ్చింది పిన్నీ?" అంటే కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకే ఆ మాటలన్నీ? పక్కన మీ బాబాయి ఉన్నారు" అంది గొంతు తగ్గించి. మా బాబాయికి ఎనభై దాటాయి. పక్కన టపాకాయ పేలినా వినిపించదు.

పిన్నిని అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? నా మొదటి నవలలో నాయికని కేన్సరుతో చంపాను. ఆ చివరి అధ్యాయం చదివి భోజనం చెయ్యలేకపోయామని ఎంతమందో ఉత్తరాలు రాశారు. నాయిక నీరసపడుతుంది, అద్దంలో చూసుకుని నిట్టూరుస్తుంది, కిటికీలోంచి సాయంత్రాన్ని చూస్తూ పోతుంది. జబ్బు ఒంట్లో ఎక్కడో మాత్రం నేను రాయలేదు. రాయాలని కూడా తోచలేదు. ఆ కౌన్సిలరమ్మాయి వచ్చి నా నాయిక వంశవృక్షం గీయబోతే ఆ సున్నాలో ఏం రాయాలో నాకే తెలియదు.

ఇంతకీ నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పలేదు.

మా అమ్మ 44వ ఏట రొమ్ము కేన్సరుతో పోయింది. అప్పటికి నాకు 17, చెల్లికి 12. అన్నయ్య ఉద్యోగంలో చేరి ఏడాది. రెండేళ్ళ కిందట, 41 ఏళ్ళ వయసులో, మా చెల్లికి అదే జబ్బు అదే చోట వచ్చింది. ఆపరేషను చేసిన డాక్టరుగారు, "తల్లికీ కూతురికీ ఇంత చిన్నవయసులో వచ్చిందంటే జన్యు పరీక్ష చేయించడం మంచిది" అన్నారు. చేయించాం. 'బ్రాకా-1' అనే జన్యువులో దోషం ఉందని తేలింది.

దాన్ని 'కేన్సరు జన్యువు' అనుకున్నాను నేను. కాదట. ఆ జన్యువు మీలోనూ నాలోనూ, ఆడా మగా తేడా లేకుండా అందరిలోనూ ఉంటుంది. దాని పని కీడు చెయ్యడం కాదు, కణాల్లో దెబ్బతిన్న డి.ఎన్.ఏ.ని బాగుచెయ్యడం. ఇంట్లో అందరి చిరుగులూ కుట్టిపెట్టే అమ్మమ్మలాంటిదన్నమాట. మనకి తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఆ రెండిటిలో ఒకదాంట్లో పుట్టుకతోనే తప్పు ఉంటే, రెండోది కూడా ఏ కణంలోనో పాడైననాడు అక్కడ చిరుగులు కుట్టేవాళ్ళుండరు. అలాంటి దోషంతో పుట్టిన ఆడవాళ్ళలో నూటికి 60 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము కేన్సరు బారిన పడతారు. అండాశయాల్లో వచ్చేది నూటికి 40 పైమాటే అంటున్నారు. ఈ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త చూపించింది. అంతకుముందు, ఇలాంటి జబ్బు ఒక్క జన్యువు ద్వారా వంశంలో దిగుతుందంటే నమ్మనివాళ్ళు శాస్త్రజ్ఞుల్లోనే చాలామంది. 1994లో జన్యువు చేతికి చిక్కింది. 2013లో ఏంజెలీనా జోలీ అనే సినిమాతార, తనకీ దోషం ఉందనీ, జబ్బు రాకముందే రొమ్ములు తీయించుకున్నాననీ పత్రికకి రాసింది. మన ఇళ్ళలో ఈ మాట వినబడటం అప్పటినుంచే.

దోషం ఉన్నవాళ్ళ బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ అది రావడానికి సగం అవకాశం, రాకపోవడానికి సగం. కొడుకులకీ అంతే, కూతుళ్ళకీ అంతే. అంటే అమ్మ నుంచి అన్నయ్యకీ నాకూ వచ్చి ఉండటానికి చెరి సగం అవకాశం.

పరీక్ష చూస్తే ఏమీ లేదు. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి ఒక చెంచాడు రక్తం తీస్తారు, అంతే. చెల్లి విషయంలో జన్యువునంతా అక్షరం అక్షరం చదవాల్సి వచ్చింది. మాకయితే తప్పు ఎక్కడుందో ముందే తెలుసు కనక ఆ ఒక్క చోటు చూస్తే చాలట. పుస్తకమంతా ప్రూఫులు దిద్దడానికీ, 'ఫలానా పేజీలో ఫలానా పంక్తి చూడండి' అనడానికీ ఉన్న తేడా.

ఇంత సులువైన పరీక్షకి నేను ఏడాది వెనకాడాను. నాకు అబద్ధాలు చెప్పుకోవడం బాగా వచ్చు, వృత్తే అది. ఈ నవల అయ్యాక అనుకున్నాను. మా అమ్మాయి పదోతరగతి పరీక్షలయ్యాక అనుకున్నాను. మూఢం వెళ్ళాక అని కూడా ఒకసారి అనుకున్నాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఆ రోజుల్లో నాన్సీ వెక్స్‌లర్ గురించి చదివాను. ఆవిడ తల్లికి 1968లో హంటింగ్టన్ జబ్బు అని తేలింది. మెదడు నెమ్మదిగా పాడవుతూ, ఒళ్ళు తన స్వాధీనంలో లేకుండా పోయే జబ్బు. దీనికి మందు లేదు. తల్లికి ఉంటే బిడ్డలకి సగానికి సగం అవకాశం, మా లెక్కే. ఆవిడ వెనిజులాలో ఒక సరస్సు ఒడ్డున ఈ జబ్బు తరతరాలుగా ఉన్న పల్లెలకి ఏడాదికేడాది వెళ్ళి, వేలమంది రక్తం సేకరించి, వాళ్ళ వంశవృక్షాలు గీసి, 1983లో ఆ జన్యువు జాడ, 1993లో జన్యువునే కనిపెట్టడానికి మూలస్తంభమయింది. అంటే ఆ పరీక్ష ఆవిడ చేతి చలవే. తీరా పరీక్ష వచ్చాక, 'మీరు చేయించుకున్నారా?' అని అడిగితే ఏళ్ళ తరబడి జవాబు చెప్పలేదు. 2020లో మాత్రం, జబ్బు తనకీ వచ్చిందని లోకానికి చెప్పింది.

ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ధైర్యం అంటే, పరీక్ష చేయించుకోకుండా ఉండటానికి! అంతటి మనిషే నోరు విప్పకపోతే నేనెంత? పైగా యునెస్కోవాళ్ళు 1997లో చేసిన ప్రకటనలో, తన జన్యు పరీక్ష ఫలితం తెలుసుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని రాసిపెట్టారట. తెలుసుకోకుండా ఉండే హక్కు! మన ఆడవాళ్ళు ఎన్ని తరాలుగా అనుభవిస్తున్నారు దీన్ని, దానికొక ప్రకటన ఉందని తెలియక!

కాని మా చెల్లి నా ధైర్యాన్ని ఒక్క మాటతో పోగొట్టింది. "ఆవిడ జబ్బుకి మందు లేదు కనక తెలుసుకున్నా ఒకటే, తెలుసుకోకపోయినా ఒకటే. నాకు రెండేళ్ళ ముందు తెలిసుంటే ఈ గడ్డ గోళీకాయంత ఉన్నప్పుడే దొరికేది కదక్కా" అంది. నెత్తికి గుడ్డ కట్టుకుని కూచుని, బెండకాయలు తరుగుతూ.

ఆ మర్నాడే లాబొరేటరీకి వెళ్ళాను.

ఫారం నింపడం ముగిశాక ఒప్పుదల పత్రం ఇచ్చారు. అది చదువుతూ తల ఎత్తితే ఎదురుగా గోడమీద బోర్డు కనబడింది, 'ఇక్కడ గర్భస్థ శిశు లింగ నిర్ధారణ చేయబడదు, అది చట్టరీత్యా నేరము' అని. స్కానింగు సెంటర్లలో వందసార్లు చూసిన బోర్డే. ఆ రోజు మాత్రం కొత్తగా కనిపించింది. అదే రక్తం, అవే యంత్రాలు. కాని ఈ ఒక్క సంగతి మీరు అడగకూడదు, మేం చెప్పకూడదు అని 1994లోనే మన దేశం చట్టం చేసుకుంది. తెలిస్తే మనం ఆడపిల్లని బతకనివ్వమని ప్రభుత్వానికి తెలుసు. తెలుసుకోవడం ఎప్పుడూ మంచిదే అనేవాళ్ళు ఆ బోర్డు ముందు ఒక నిమిషం నిలబడాలి.

ఒప్పుదల పత్రంలో అయిదో అంశమో ఆరో అంశమో ఇలా ఉంది: ఈ ఫలితం మీ రక్తసంబంధీకులకు కూడా వర్తించే సమాచారాన్ని వెల్లడించవచ్చునని మీకు తెలియజేయడమైనది. దాని కింద సంతకానికి గీత. ఒక్కటే గీత, నాకొక్కదానికే. రక్తసంబంధీకుల సంతకాలకి చోటు లేదు. అప్పుడు నేను దాన్ని గురించి పెద్దగా ఆలోచించలేదు, సంతకం సరైన గీతమీదే పెట్టానా అని చూసుకున్నాను. మా అమ్మాయికి కూడా ఎప్పుడో చేయించాలా అని అడిగితే, పెద్దయ్యాక వచ్చే ఇలాంటి జబ్బులకి మైనరు పిల్లలకి పరీక్ష చెయ్యరని చెప్పారు. పద్దెనిమిది దాటాక తనే తేల్చుకోవాలిట. ఈ నియమం నాకు బాగా నచ్చింది. బిడ్డ రక్తం కూడా బిడ్డదే అని ఎవరో ఒకరు అంటున్నందుకు.

మూడువారాల తరువాత రిపోర్టు వచ్చింది. దోషం లేదు. నాకు లేదు కనక నానుంచి మా అమ్మాయికి వచ్చే ప్రశ్నే లేదు.

ఎంత సంతోషించి ఉంటానో అనుకుంటున్నారు కదూ? మెట్లు దిగేదాకా సంతోషించాను. ఆటో ఎక్కాక, చెల్లికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇద్దరం ఒకే కడుపున పుట్టాం, ఒకే కంచంలో తిన్నాం, దాని పరికిణీలన్నీ నావి చిన్నవైతే ఇచ్చినవే. ఈ ఒక్కటి మాత్రం నాకు కాకుండా దానికి వెళ్ళింది. వెళ్ళి చెప్పాను. "అమ్మయ్య, ఇద్దరం ఎందుకు" అంది. అని వంటింట్లోకి వెళ్ళింది, పాలు పెడతానని. కాచిన పాలు స్టౌ మీదే ఉన్నాయి.

మా వదిన లెక్క వేరు. "ఇద్దరాడపిల్లల్లో ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. సగం సగం అన్నారుగా, సరిపోయింది. ఇంక మీ అన్నయ్యకి భయం లేదు" అంది ఎంతో నిశ్చింతగా. ఆవిడ కిరాణా పద్దు రాస్తే పైసా తేడా రాదు. ఇక్కడ మాత్రం తేడా వచ్చింది. ఒకసారి బొమ్మ పడింది కదా అని రెండోసారి బొరుసు పడాలని నాణేనికి ఏమీ లేదు. ప్రతి బిడ్డకీ లెక్క మొదటినుంచీ మొదలు. నా రిపోర్టు అన్నయ్య గురించి ఒక్క అక్షరం కూడా చెప్పదు.

ఇదే మాట అన్నయ్యకి చెప్పాను. మగవాళ్ళకి ప్రమాదం తక్కువే కాని, తన దగ్గర నిశ్శబ్దంగా ఉండి కూతురికి దిగవచ్చునని చెప్పాను. అన్నయ్యకి ఒక్కతే కూతురు, 25 ఏళ్ళు, ఉద్యోగం చేస్తోంది, సంబంధాలు చూస్తున్నారు. అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఇప్పుడు కాదు. పిల్ల పెళ్ళయాక చూద్దాం. ఈ సంగతి బయటికి పొక్కితే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు" అన్నాడు.

కోపం వచ్చింది కాని, కాదనలేకపోయాను. గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, నాడీ దోషం చూస్తారు, అబ్బాయి తాగుతాడేమో కనుక్కుంటారు కొందరు. ఇవన్నీ అడిగే హక్కు ఉన్నప్పుడు రక్తం సంగతి అడిగే హక్కు లేదా అంటే ఏం చెప్పను? ఒక జన్యువు పేరు చెప్పి పిల్లని వద్దనుకున్నవాళ్ళు, తమ ఇంట్లో ఏ జన్యువు ఎక్కడ దాక్కుందో చూసుకోరు. మనలో పూర్తిగా నిర్దోషమైన రక్తం ఉన్నవాళ్ళు ఎవరూ లేరని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మన వైశ్యుల సంగతే చూడండి. ఆపరేషనుకి ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే ఒక మందు వాళ్ళలో కొందరి ఒంట్లో తొందరగా విరగదు, గంటల తరబడి ఊపిరి యంత్రం మీదే ఉంచాల్సి వస్తుంది. అదీ జన్యువు సంగతే, తరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల వాళ్ళలో ఎక్కువగా నిలిచిపోయింది. మా పక్కింటావిడ మోకాలి ఆపరేషనుకి వెళ్ళినప్పుడు మత్తు డాక్టరుగారికి తనే చెప్పింది, ఆయన వేరే మందు ఇచ్చాడు, అయిపోయింది. ఆ సంగతి ఆవిడ వీధిలో అందరికీ నవ్వుతూ చెబుతుంది. దానికోసం ఎవరి పెళ్ళీ ఆగలేదు. తెలుసుకున్నదాని బరువు జన్యువులో కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ చూపులో ఉంటుంది.

పదిరోజుల తరువాత ఒక ఆదివారం మా మేనకోడలు ఒక్కతే వచ్చింది. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చి, "అత్తా, నన్ను ఆ లాబ్‌కి తీసికెళ్ళు" అంది.

"మీ నాన్నకి చెప్పావా?"

"నాన్నకి కాదు, నాకు పరీక్ష. నాకు పాతిక నిండాయి."

దాని మాటలో తప్పు లేదు. ఈ దోషం ఉన్న ఆడపిల్లలకి 25వ ఏటి నుంచీ ఏడాదికోసారి ఎమ్మారై స్కానింగు చెయ్యాలంటారు. 30 నుంచి మామోగ్రాం కూడా. పిల్లలు పుట్టాక, 35, 40 ఏళ్ళ మధ్య అండాశయాలు తీయించుకోమంటారు. అంటే దానికి తెలుసుకోవడమంటే ఊరికే తెలుసుకోవడం కాదు, చెయ్యాల్సిన పని ఉంది, ఆ పనికి వేళ కూడా వచ్చింది. పరీక్ష లేకుండానే, వంశంలో ఉంది కనక ఏటా స్కానింగు చేయించుకోవచ్చు కదా అన్నాను. దీన్ని గురించి డాక్టరుగారిని ముందే అడిగి పెట్టుకున్నాను. "అనుమానం మీద ఏటా ఆ గొట్టంలో పడుకోమంటావా? నిజమైతే పడుకుంటాను. కాకపోతే నా బతుకు నేను బతుకుతాను" అంది.

ఇక్కడే చిక్కు. మేనకోడలికి దోషం లేదని వస్తే అన్నయ్య సంగతి అన్నయ్య దగ్గరే ఉంటుంది. అతనికి ఉండవచ్చు, లేకపోవచ్చు. కాని ఉందని వస్తే? మా వదిన వైపు ఈ దోషం లేదు కదా, మా అమ్మదే ఇది. అమ్మ నుంచి మనవరాలికి రావాలంటే నడుమ ఉన్న అన్నయ్యని దాటుకుని రాదు. కూతురి రిపోర్టే తండ్రి రిపోర్టు. తను తెలుసుకోనని ఖచ్చితంగా చెప్పిన మనిషి ఒంట్లో ఏముందో, అతని చెంచాడు రక్తం తియ్యకుండానే తెలిసిపోతుంది. చెప్పకుండా దాచవచ్చు కదా అనకండి. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర భోజనం చేసే పిల్ల, ఏటా స్కానింగుకి వెళుతూ తండ్రి దగ్గర ఎన్నాళ్ళు దాస్తుంది? దాని మొహమే రిపోర్టు.

ఇంగ్లండులో దాదాపు ఇలాంటి కేసు ఒకటి కోర్టుకి వెళ్ళింది. 2009లో ఒకతనికి హంటింగ్టన్ జబ్బని తేలింది. కూతురు గర్భవతి. 'నా కూతురికి చెప్పవద్దు' అన్నాడతను. డాక్టర్లు చెప్పలేదు. ఆమె బిడ్డని కన్నాక తెలిసింది, తరువాత పరీక్షలో తనకీ ఉందని తేలింది. నాకెందుకు చెప్పలేదని ఆమె దావా వేస్తే 2020లో తీర్పు వచ్చింది. రోగి రహస్యాన్నీ, కూతురు తెలుసుకోవాల్సిన అవసరాన్నీ రెండిటినీ తూచి చూడవలసిన బాధ్యత ఆస్పత్రికి ఉందన్నారు న్యాయమూర్తి. అంతా చెప్పి, ఆమె కేసు మాత్రం కొట్టేశారు. తూచమన్నారు కాని, ఏ పళ్ళెం బరువో అన్ని కేసులకీ కలిపి ఎవరు చెప్పగలరు?

మేనకోడలు అడిగిన సంగతి బయటపెట్టకుండా అన్నయ్య దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. నేను సంబంధాల మాట ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సంబంధాలు కాదే. అమ్మని ఎనిమిది నెలలు ఆస్పత్రికి తిప్పింది నేను. మీరు చిన్నపిల్లలు, మీకు గుర్తుండదు. కరెంటు పెట్టించుకుని వచ్చి రిక్షాలో నా భుజం మీద తల పెట్టుకునేది. దాన్నే నా కూతురికి నేను ఇచ్చానని కాగితం మీద రాసి ఇస్తే, రేపట్నించి దాని మొహం ఎలా చూడను?"

ఇన్నేళ్ళలో అన్నయ్య అమ్మ జబ్బు గురించి నాతో మాట్లాడటం అదే మొదటిసారి. 'ఇవ్వడం' అంటే చేత్తో ఎత్తి ఇచ్చినట్టు కాదు, అమ్మ చెల్లికి ఇచ్చిందని మనం ఎప్పుడైనా అనుకున్నామా అన్నాను. అతనేమీ అనలేదు. అమ్మని తప్పు పట్టే ఆలోచన మాలో ఎవరికీ, కలలోకూడా రాలేదు. తనని తను తప్పు పట్టుకోవడానికి మాత్రం అతనికి ఒక్క క్షణం పట్టలేదు.

ఇంటికి వచ్చి చాలా ఆలోచించాను. నవలలో అయితే ఇలాంటి చోట ఒక పాత్రకి ప్రమాదం చేయించో, ఒక ఉత్తరం దొరికేలా చేసో బయటపడేదాన్ని. అన్నయ్య తెలుసుకోనంటే అది పిరికితనం కాదు. అతని భయానికి ముఖం ఉంది, రిక్షాలో భుజం మీద వాలిన ముఖం. ఆ భయాన్ని కాలితో తోసే హక్కు నాకు లేదు. కాని అతని భయాన్ని కాపాడటానికి పాతికేళ్ళ పిల్ల తన ఒంటిని గుడ్డిగా మొయ్యాలా? అతను తెలుసుకోకపోతే పోయేది మనశ్శాంతికి అడ్డువచ్చే ఒక మాట. అది తెలుసుకోకపోతే పోయేది ప్రాణం కావచ్చు. ఈ రెండూ సరితూగవు. ఇంతవరకూ నాకు అనుమానం లేదు.

అనుమానమల్లా దొంగచాటుగా తీసికెళ్ళడం గురించే. మేనకోడలి చెయ్యి పట్టుకుని, అన్నయ్యకి తెలియకుండా అన్నయ్య రక్తం తెలుసుకురావడం నాకు దొంగతనంగా అనిపించింది, ఆ రక్తం దాని ఒంట్లోదే అయినా. మా అమ్మమ్మ జబ్బునీ పెద్దమ్మ జబ్బునీ గొంతు తగ్గించి తగ్గించి ఇంతదాకా తెచ్చుకున్నాం. మళ్ళీ ఇదొకటి గొంతు తగ్గించి చెయ్యాలా?

మేనకోడలికి ఫోను చేసి, "తీసికెళతాను. కాని వెళ్ళేముందు మీ నాన్నకి నువ్వే చెప్పాలి" అన్నాను.

"ఒద్దంటే?"

"అడగమనలేదు, చెప్పమన్నాను. ఒద్దన్నా మనం వెళదాం. కాని ఫలితం ఎలా వస్తే తన సంగతి తెలుస్తుందో, ఎలా వస్తే తెలియదో అంతా విడమర్చి చెప్పు. రిపోర్టు వచ్చాక నీ నోటినుంచి వినాలో వద్దో అతను చెబుతాడు. అది మాత్రం అతని హక్కు."

"అత్తా, నువ్వే చెప్పకూడదూ?"

చెప్పవచ్చు. పెద్దదాన్ని, అలవాటైనదాన్ని. కాని చెప్పనన్నాను. ఇది మంచి పనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా నాకూ భయమేనేమో.

మూడురోజులు ఏ కబురూ లేదు. నాలుగోరోజు రాత్రి పదిన్నరకి అన్నయ్య ఫోను చేశాడు. తొమ్మిదికే పడుకునే మనిషి. వానల గురించి మాట్లాడాడు. మా మామిడిచెట్టు ఈసారి కాసిందా అన్నాడు. చెల్లికి వాడుతున్న మందుల పేర్లు అడిగి, అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నాడు. పెట్టెయ్యబోతూ, "ఆ పరీక్షకి పరగడుపున వెళ్ళాలా?" అన్నాడు.

ఎవరికని నేను అడగలేదు.

"అక్కర్లేదు అన్నయ్యా, టిఫిను చేసే వెళ్ళొచ్చు" అన్నాను.